మల్బరీ కోతలో చేయి తెగితే: గాయం మానడం, మచ్చ పడడం



నాలుగో జ్వరం లేచిన పురుగులకు మేత ఎక్కువ కావాలి. చీకటితోనే తోటకు పోయి కొమ్మలు కోస్తాము. కొడవలికి వేలు తెగేది ఎక్కువగా అప్పుడే. తెగిన చేతితోనే పడకల మీద సున్నం చల్లుతాము, పంట దిగాక బ్లీచింగ్ ద్రావణం కలుపుతాము. అందుకే పట్టు రైతు చేతి గాయం ఆలస్యంగా మానుతుంది.

గాయమైన మొదటి 3, 4 రోజులు చుట్టూ ఎర్రబడి కొంచెం వాస్తుంది. అది శరీరం తనను తాను శుభ్రం చేసుకొనే పని, భయం లేదు. ఎరుపు రోజురోజుకూ పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయరాదు. తర్వాత కొత్త కండ పుట్టి గాయం పూడుతుంది. పైకి మానినట్లు కనిపించినా, 3 వారాలకు అతుకు బలం అసలు చర్మం బలంలో సుమారు ఐదో వంతే. ఎంత కాలమైనా 80 శాతం మించదు. కుట్లు విప్పిన మర్నాడే బరువైన మేత మోపులు ఎత్తితే అతుకు సాగి మచ్చ వెడల్పవుతుంది.

తెగిన వెంటనే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా అదిమి పట్టాలి. రక్తం ఆగాక ధారగా పడే మంచినీటితో, సబ్బుతో కడగాలి. సున్నం, కాఫీ పొడి, మట్టి పెట్టరాదు. పసుపుకు గుణం లేదని కాదు, వంటింటి డబ్బాలోని పసుపు శుభ్రమైనదని ఎవరు చెప్పగలరు? గాయం గాలికి ఆరాలన్నది పాత మాట. కొంచెం వాసెలిన్ రాసి, శుభ్రమైన గాజుగుడ్డ కట్టి, రోజూ మార్చితే త్వరగా మానుతుంది, మచ్చ కూడా తక్కువ.

అంచులు విడిపోయినా, వేలు వంగకపోయినా, స్పర్శ తెలియకపోయినా, రక్తం ఆగకపోయినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. తోటలో మట్టి, పశువుల ఎరువు ఉంటాయి కనుక ధనుర్వాతం సూది సంగతి తప్పక అడగాలి. ఆ సూది ఇప్పుడు టి.డి. పాత పేరు టి.టి. అన్నా హోసూరు వైపైనా, చింతామణి వైపైనా అర్థం చేసుకుంటారు. భాష రాదని జంకవద్దు.

చక్కెర జబ్బు ఉన్నవారికి గాయం మానడం ఆలస్యం, చీము పట్టడం ఎక్కువ. బీడీ, సిగరెట్టు రక్తనాళాలను బిగిస్తాయి. గాయం మానేదాకానైనా మానితే మంచిది. రక్తహీనత ఉన్నవారు, పథ్యమని గంజితో సరిపెట్టుకొనేవారు కూడా వెనుకబడతారు. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర, జామకాయ తినాలి. గుడ్డు తింటే చీము పడుతుందనేది అపోహ.

వేలి కణుపు మీద తెగిన గాయం, చీము పట్టిన గాయం, 3 వారాలు దాటినా మానని గాయం పెద్ద మచ్చను మిగులుస్తాయి. పొక్కు గిల్లరాదు. కొందరికి మచ్చ గాయం హద్దు దాటి పెరుగుతుంది. వారు ముందే వైద్యునికి చూపాలి.

రీలింగ్ చేసేవారి చేయి వేడినీటిలో నాని గాయం అంచులు తెల్లబడి విడిపోతాయి. వారు గాయం మూసుకొనేవరకు బేసిన్ పని ఇంకొకరికి అప్పగించాలి. పెంపకపు ఇంటికి మందు కొట్టే పనిని కూడా ఆ పంటకు వేరొకరే చేయాలి. వేరే మనిషి లేకపోతే కట్టు మీద రబ్బరు తొడుగు వేసుకొని, పని కాగానే తీసి, తడిసిన కట్టు మార్చాలి.