పుండు పడ్డాక ట్యూబు దిండు వద్దు

ప్రశ్న: వెన్నుపాము దెబ్బతిన్న మా నాన్నగారు రోజంతా వీల్‌చెయిర్‌లోనే ఉంటారు. పిరుదు మీద పుండు పడింది. మధ్యలో రంధ్రం ఉన్న గాలి ట్యూబు వేస్తున్నాం. మంచిదేనా?

జవాబు: ముందు ఆ ట్యూబు తీసేయండి. అది పుండును తాకకపోయినా చుట్టూ చర్మాన్ని నొక్కి, పుండుకు అందాల్సిన రక్తాన్ని అడ్డుకుంటుంది. కూర్చున్నప్పుడు బరువెక్కువగా పిరుదుల్లోని రెండు ఎముకల మొనల మీద పడుతుంది. దాన్ని తొడల మీదికీ పంచేదే మంచి కుషన్. అమెరికన్ ఇంజినీరు రాబర్ట్ గ్రేబ్ రూపొందించిన రోహో కుషన్‌లో ఒకదానితో ఒకటి కలిసిన గాలి గదులుంటాయి; ఒకచోట నొక్కుకుంటే గాలి పక్క గదుల్లోకి సర్దుకుంటుంది. గాలి ఎక్కువైతే కుషన్ గట్టిపడుతుంది, తక్కువైతే ఎముక సీటుకు ఆనుతుంది. అందుకే రోజూ ఆయన కూర్చున్నాక కుషన్‌కూ పిరుదుకూ మధ్య చెయ్యి పెట్టి చూడండి. ఎముక మొన కింద సుమారు 1 నుంచి 2.5 సెంటీమీటర్ల గాలి మిగలాలి. పాదాలు పెట్టే పలకలు మరీ ఎత్తుగా ఉన్నా బరువు మళ్లీ పిరుదుల మీదికే వస్తుంది.

అరగంటకోసారి ఆయన్ని ముందుకు వంచి రెండు నిమిషాలు ఉంచండి. ఎంత ఖరీదైన కుషనైనా రోజంతా కూర్చుంటే పుండు మానదు. మానేదాకా పక్కకు తిప్పి పడుకోబెట్టడమే మేలు. దుర్వాసన, జ్వరం ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించండి.