ప్రాణవాయువు కొరత – కొల్లేటి చేప నేర్పే పాఠం

"ఆయాసం అలవాటైపోయిందండీ" అన్నది ఒక తల్లి. గణపవరం పరిసరాలలో ఊడ్పులకు వెళ్ళే మనిషి. కనురెప్పల లోపల గాని, గోళ్ళలో గాని రక్తచ్ఛాయ లేదు. అది పాండురోగం. ఆమె పలికిన "అలవాటు" అనే మాటే ఈ వ్యాసానికి కారణం.

మన కొల్లేటి ప్రాంతపు చేపల చెరువులను వేకువవేళ చూడండి. రాత్రి ఎండ లేనందున నీటిలోని నాచు ప్రాణవాయువును విడువదు. పైగా తానూ పీల్చుకొంటుంది. తెల్లవారుసరికి నీటిలో ఆ వాయువు మిక్కిలి తగ్గి, బొచ్చె, శీలావతి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. రైతు ఏరేటరు వేయడానికి పరుగెత్తుతాడు. కొర్రమీను మాత్రం నిశ్చింతగా ఉంటుంది. మొప్పలకు పైన, తలలో, గాలిని నిలుపుకొనే అర దానికి ఉన్నది. మార్పు చేపకు చెట్టుకొమ్మల వంటి అవయవం, ఇంగిలాయికి తోకవైపు సాగిన గాలితిత్తులు ఉన్నవి. అయితే కొర్రమీనును పైకి రానీయక అడ్డగిస్తే, నీటిలోనే ఊపిరాడక మరణిస్తుంది. ప్రతి సౌకర్యానికీ ఒక హద్దు ఉన్నది.

ప్రాణవాయువు కంఠం గుండా వెలుపలికి వెడలి, ఆకాశంలోని అమృతాన్ని త్రాగి తిరిగి వచ్చి దేహాన్ని పోషిస్తుందని శార్ఙ్గధరుడు చెప్పాడు. గురుకులంలో మేము మొదట వల్లించిన విషయాలలో ఇదొకటి. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో, ఒక్కొక్క శ్వాసతో లభించే ఆ అమృతం సముద్రతీరంతో పోల్చితే మూడింట రెండు వంతులే. అక్కడికి వెళ్ళిన డెల్టావాసికి మొదట శ్వాస, గుండె వేగం పెరుగుతాయి. పిమ్మట మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును అధికంగా పంపగా, వారాల మీద మజ్జలో ఎర్రకణాలు వృద్ధి చెందుతాయి. ఈ కొరతను కణాలు గుర్తించే తీరును వెల్లడించిన కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది.

పాండురోగిలోనూ ఈ హెచ్చరిక వెలువడుతుంది. కాని ఇనుము లోపించినప్పుడు మజ్జ కణాలను దేనితో నిర్మించగలదు? ఇక మిగిలినది గుండె పరుగే. రోగం మెల్లగా వచ్చినందున దేహం సర్దుకొంటుంది. సర్దుకొన్నందున రోగి ఆలస్యం చేస్తాడు. సర్దుబాటు ఆరోగ్యం కాదు.

ఆ తల్లిని ముందుగా రక్తపరీక్షకు పంపాను. హిమోగ్లోబిన్ స్త్రీలకు 12, పురుషులకు 13 గ్రాములకు తగ్గరాదు, గర్భిణులకు 11. లోపానికి కారణం, అనగా అధిక ఋతుస్రావమో, నులిపురుగులో, మొలలో తెలిసికొని చికిత్స చేయించాలి. వైద్యుడిచ్చిన ఇనుపమాత్రలతో పాటు తోటకూర, మునగాకు, నువ్వులు, బెల్లం తినండి. భోజనంలో ఉసిరి లేక నిమ్మరసం చేర్చితే ఇనుము బాగుగా వంటబడుతుంది. భోజనం కాగానే టీ త్రాగకండి.

కూర్చున్నా ఆయాసం తగ్గకున్నా, పెదవులు నీలిరంగుకు మారినా ఇంటివైద్యం వద్దు. వెంటనే ఆసుపత్రికి చేరండి. పాడుబడిన నూతిలోకి, మరుగుదొడ్డి తొట్టిలోకి దిగేవారు కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ నిమిషాలలో స్పృహ తప్పుతుంది. సర్దుకొనే వ్యవధి ఉండదు. పడినవానికోసం మరొకరు దిగితే ఇద్దరూ దక్కరు.

కొర్రమీనుకు గాలితిత్తి ఉన్నది. మనకున్నది వివేకం; దానిని సకాలంలో వాడుకొందాం.