లేగదూడకు చల్లని నీడ

ఉద్దేశం: వేసవి తాపం నుండి పాడి దూడలను కాపాడే వసతిని గురించి, దాని వెనుకనున్న శాస్త్రకారణాలను గురించి తెలుసుకొనుట.

గోదావరికి ఒక గట్టున భద్రాచలం, మరొక గట్టున సారపాక. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. చెంత నది, చేరువలో అడవి ఉన్నా ఇక్కడి వేసవి తీవ్రమైనది. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. రోళ్ళనే పగులగొట్టే ఎండను నెల నిండని లేగదూడ ఎట్లా తాళగలదు?

ఆరోగ్యవంతమైన దూడ శరీర ఉష్ణోగ్రత సుమారు 38.5 నుండి 39.5 డిగ్రీల వరకు ఉంటుంది. పరిసరాల వేడి పెరిగిన కొలది ఆ స్థితిని నిలుపుకోవడానికి దూడ శ్రమిస్తుంది. నోరు తెరచి రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, పాలు త్రాగడం తగ్గిస్తుంది. ఎదుగుదలకు చెందవలసిన శక్తి ఒంటిని చల్లబరచుకోవడానికే వ్యయమవుతుంది. దానికి పారుడు తోడైతే ఒంటిలోని నీరు తరిగి ప్రాణాపాయం కలుగుతుంది. నల్లని చర్మం, తక్కువ స్వేదగ్రంథులు గల గేదె దూడలకు ఈ బాధ మరింత అధికం.

దూడ మరణంతో కలిగే నష్టం అంతటితో ఆగదు. దూడ దగ్గర లేనిదే చేపని పశువులు అనేకం. మూడు నాలుగేళ్ళలో పాడికి రావలసిన పెయ్య పోతే పేదరైతు అప్పుచేసి మరొక పశువును కొనవలసి వస్తుంది.

కావున దూడల పాకను శ్రద్ధతో నిర్మించాలి. పాక పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు ఉదయ సాయంకాలాల ఏటవాలు ఎండ ఇరుకైన ప్రక్కలనే తాకుతుంది. సీతారాములు నివసించారని చెప్పుకొనే పర్ణశాల భద్రాచలానికి సమీపంలోనే ఉంది. పర్ణశాల అనగా ఆకుల ఇల్లు. తాటాకు, గడ్డి కప్పులు ఎండవేడిని లోపలికి తేలికగా దిగనీయవు. రేకుల కప్పు కాగి ఆ సెగను దూడపైకి పంపుతుంది. రేకులే ఉన్నచో వాటిపై సున్నం పూయాలి, లేదా గడ్డి పరచాలి. అయితే గడ్డికప్పుకు నిప్పు భయం ఉన్నది కనుక పొయ్యిని దూరంగా ఉంచాలి. పడమట వేప, కానుగ చెట్లను పెంచితే నీడ స్థిరమవుతుంది.

ఎండ రాకూడదని నలువైపులా మూసివేయడం పొరపాటు. గాలి ఆడని పాకలో తేమ, మూత్రపు ఘాటు పేరుకుపోతాయి. వడగాలి వీచే వైపు తడిపిన గోనెపట్టాలు వ్రేలాడదీసి, ఎదుటివైపు తెరచి ఉంచాలి. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని గ్రహిస్తుంది, అందువలన లోనికి వచ్చే గాలి చల్లబడుతుంది. ఒక్కొక్క దూడకు కప్పు క్రింద కనీసం ఒక చదరపు మీటరు చోటుండాలి. నేల పొడిగా ఉండాలి.

వసతితో పాటు నీరూ ముఖ్యమే. పాలు త్రాగుతున్నది కదా అని నీరు పెట్టకపోవడం తగదు. పరిశుభ్రమైన చల్లని నీరు నిరంతరం అందుబాటులో ఉంచాలి.

తాటాకు, గోనెపట్టా, సున్నం, చెట్టునీడ అన్నీ పల్లెలో దొరికేవే. ఎండలు ముదరకముందే వీటిని అమర్చుకొన్న ఇంట పాడి నిలుస్తుంది.

అర్థాలు
పర్ణం = ఆకు
చేపు = పొదుగులోనికి పాలు దించు
స్వేదగ్రంథి = చెమట పుట్టించే అవయవం
పెయ్య = ఆడదూడ

ప్రశ్నలు
1. వేసవి తాపానికి గురైన దూడ లక్షణాలను తెలపండి.
2. పాక పొడవు తూర్పు పడమరలుగా ఎందుకు ఉండాలి?
3. పాకను నలువైపులా మూసివేయరాదనుటకు కారణాలను వివరించండి.