కూలి వేరు, కృప వేరు

ధ్యానభాగములు: రోమా 4:1–8, రోమా 5:6–10, మత్తయి 20:1–16

అపొస్తలుడైన పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయములో అబ్రాహాము నీతిని గూర్చి వాదించుచు, ఉన్నట్టుండి కూలివాని మాట ఎత్తును. పనిచేసినవాని చేతికి వచ్చు జీతమును ఎవరును దానమని పిలువరు. అది యజమానుడు చెల్లింపవలసిన బాకీ. అయితే పని చూపలేనివాడు, చూపుటకు ఏమియు లేక దేవునియందు విశ్వాసముంచినవాడు, మరియొక లెక్కలో చేర్చబడును. ఇది గ్రంథములమధ్య కూర్చున్న పండితుడు కల్పించిన ఉపమానము కాదు. డేరాలు కుట్టి తన పొట్ట తాను పోసికొనిన మనుష్యుని నోట వచ్చిన మాట (అపొ. కా. 18:3). కూలి అనగా ఏమో అతనికి తెలియును. కావుననే కృప కూలి కాదని అంత ఖండితముగా చెప్పగలిగెను.

ఈ మాటలోని కష్టము తెలిసికొనవలెనన్న, దినమంతయు కొలతమీద బ్రదుకువారి మధ్యకు పోవలెను. గుజరాతు రాష్ట్రములోని సూరతు నగరము అట్టి చోటు. తెలంగాణ జిల్లాలనుండి నేతపనివారు అనేక కుటుంబములుగా అక్కడికి వలస వెళ్లి, మరమగ్గముల షెడ్లలో పనికి కుదిరిరి. సిరిసిల్లలో సాంచాలని పిలుచునవే అక్కడను. యంత్రముల మోత ఒకటే, భాష మాత్రము వేరు. ఆ పనిలో జీతము సామాన్యముగా మీటరు లెక్క. ఎన్ని మీటర్ల గుడ్డ దిగెనో అంత కూలి. కరెంటు పోయిన గంటకు కూలి లేదు. జ్వరముతో పడుకొనిన దినమునకు కూలి లేదు. నేతలో లోపము కనబడినయెడల వచ్చినదానిలో కోత. ఇందులో దాపరికము లేదు. కొలబద్ద అందరి యెదుటనే ఉండును.

లింబాయత్‌లో గాని, ఉధ్నాలో గాని, నగరపు దక్షిణమున ఒకప్పుడు పల్లెగా ఉండి ఇప్పుడు ఊరిలో కలిసిపోయిన ఆల్థాన్‌లో గాని కాపురముండు విశ్వాసి ఆదివారమున ఆరాధనకు వచ్చునప్పుడు ఆ కొలబద్దను గుమ్మమునొద్ద విడిచి రాగలడా? ఆరు దినములు మీటరు లెక్కలో నడిచిన మనస్సు ఏడవ దినమున దేవునితో కూడ అదే లెక్క మొదలుపెట్టును. ఈ వారము ఎన్నిసార్లు ప్రార్థించితిని? ఎన్ని అధ్యాయములు చదివితిని? కానుక ఎంత వేసితిని? మగ్గము ఆగిపోయిన నెలలో చేతిలో పైకము లేనందున ఆరాధనకే రాక మానుకొను కుటుంబములు తెలుగువారి సంఘములలో లేకపోలేదు. కానుక పళ్లెము తమ యెదుటికి వచ్చినప్పుడు తల వంచుకొనుటకంటె ఇంట ఉండుటయే మేలని వారు తలంతురు. ఎవరును వారిని రావద్దని చెప్పలేదు. వారే తమ్మును తాము కొలిచికొని, తక్కువైతిమని తీర్పు చెప్పుకొనిరి. దేవుడు యజమానుడే గాని తండ్రి కాడను అనుమానము సిద్ధాంతముగా ఎవరును ఒప్పుకొనరు. అయినను అది ఇట్టి ఆదివారములలో బయటపడును.

సూరతునకు ఈ విషయముతో మరియొక సంబంధము కలదు. 1815లో అక్కడికి వచ్చిన లండన్ మిషనరీ సంఘపు సేవకులు స్కిన్నర్, ఫైవీ అనువారు పరిశుద్ధ గ్రంథమును గుజరాతీలోనికి తర్జుమా చేసి ఆ నగరములోనే అచ్చొత్తించిరి. గుజరాతీ రాని తెలుగు విశ్వాసి అక్కడి ఆరాధనలో కూర్చుండినను రెండు మాటలు అతనికి అర్థమగును: ప్రేమ, కృప. ఈ రెండును ఇరుభాషలకు ఉమ్మడి మాటలే.

ఆ రెండవ మాటను కొంచెము నిదానముగా చూడవలెను. పాత నిబంధనలో హెబ్రీయుల ‘హెసెద్’ అను మాటకు తెలుగు తర్జుమాదారులు తరచుగా ‘కృప’ అనియే వ్రాసిరి. 136వ కీర్తనలో అది ఇరువదియారు వచనములలోను పల్లవివలె తిరిగి తిరిగి వచ్చును. క్రొత్త నిబంధనలో గ్రీకువారి ‘ఖారిస్’ అను మాటకును ‘కృప’యే. మొదటిది నిబంధన చేసినవాడు మాట తప్పక చూపు దయ. రెండవది యోగ్యత లేనివానికి దొరకు వరము. మూలములో రెండుగా ఉన్నవి తెలుగులో ఒక్కటే అయ్యెను. దీనివలన కొంత సూక్ష్మభేదము మరుగుపడిన మాట నిజమే గాని, తెలుగు చదువరికి లాభమే ఎక్కువ. సీనాయి దేవుడు కఠినుడు, గొల్గొతా దేవుడు దయాళుడు అని విడదీయుటకు అతని భాషయే ఒప్పుకొనదు.

రోమా 3:24లో ఇంకొక మాట ఉన్నది. దేవుడు మనుష్యులను ఉచితముగా నీతిమంతులుగా తీర్చునని అక్కడ కలదు. ‘ఉచితముగా’ అను చోట గ్రీకులో ఉన్నది ‘దోరెయాన్’. ఆ మాటనే యోహాను 15:25లో ప్రభువు తన్ను ద్వేషించినవారిని గూర్చి పలికినప్పుడు తెలుగులో ‘నిర్హేతుకముగా’ అని తర్జుమా చేసిరి. ఆయనను ద్వేషించుటకు ఆయనలో వారికి ఏ హేతువును దొరకలేదు. అటువలెనే మనలను నీతిమంతులుగా తీర్చుటకు మనలో దేవునికి ఏ హేతువును దొరకలేదు. షరతులు లేని ప్రేమ అను మాట లేఖనములలో ఎక్కడను లేదని కొందరు ఆక్షేపింతురు. ఆ మాట లేకపోవచ్చును. ‘నిర్హేతుకము’ అను మాట ఉన్నది, అది దానికంటె బలమైనది. ద్వితీయోపదేశకాండము 7:7–8లో మోషే ఇశ్రాయేలీయులతో చెప్పినదియు ఇదే. వారు విస్తారమైన జనమని యెహోవా వారిని ఏర్పరచుకొనలేదు, వారు కొద్దిపాటివారే. మరి ఎందుకు? ప్రేమించెను గనుక, తన ప్రమాణమును నెరవేర్చదలచెను గనుక. ప్రేమకు కారణము ప్రేమయే అనుట తర్కశాస్త్రమునకు నిలువదు. మోషే దానిని సవరింపలేదు.

కూలియు కృపయు కలిసిపోవు అపాయము తెలుగు సంఘ చరిత్రలో ఒకసారి బహిరంగముగా ఎదురైనది. అది సూరతులో కాదు, ఒంగోలులో.

అమెరికన్ బాప్తిస్టు మిషనరీయైన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురము పెట్టెను. ఆయన నడిపిన బడికి అగ్రవర్ణముల బాలురు వచ్చుచుండిరి. ఆ ఊరి పెద్దలు ఆయనయెడల ఆదరముగానే ఉండిరి. ఆ సంవత్సరమే యర్రగుంట్ల పేరయ్య అను మాదిగవాడును అతని భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. పేరయ్య తోలు వ్యాపారము చేసికొనువాడు, గురువుల నాశ్రయించి దేవుని వెదకినవాడు. అతని సాక్ష్యము వలన మాదిగపల్లెలనుండి మరికొందరు రాగా, పెద్దలు మిషనరీతో స్పష్టముగా చెప్పిరి: వీరిని చేర్చుకొనినయెడల మావారు నీయొద్దకు రారు. ఆయన చిక్కు చిన్నది కాదు. పెద్దలు చేరినయెడల దేశమంతయు చేరునని ఆ కాలపు మిషనరీలలో అనేకులు నమ్మియుండిరి. క్లౌ తన గదిలో బైబిలు తెరచి 1 కొరింథీయులకు 1:26–29 చదివెను. పిమ్మట భార్యతో మాటలాడగా, ఆమెయు వేరు గదిలో ఆ భాగమునే చదువుచుండెనని తెలిసెను. లోకము తృణీకరించినవారినే దేవుడు ఏర్పరచుకొనెనని పౌలు వ్రాసిన భాగమది. వారు మాదిగలను చేర్చుకొనిరి. అగ్రవర్ణముల బాలురు బడి విడిచిపోయిరి. అక్కడ ఓడిపోయిన షరతు పుట్టుక.

రెండవ షరతు ఇంకను సూక్ష్మమైనది. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన గొప్ప కరువులో ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వకమును కరువు పనిగా సాగించెను. యౌవనమున అమెరికాలో భూముల సర్వే పని చేసిన అనుభవము క్లౌకు ఉండెను. ఆయన ఆ కాలువలో ఒక భాగమును గుత్తకు తీసికొని వేలాదిమందికి పని కల్పించెను. సంఘపు బోధకులు మేస్త్రీలైరి. ఆకలిగొన్నవారు మతభేదము లేక వచ్చి, మట్టి మోసి, కూలి పుచ్చుకొని బ్రదికిరి. వారిలో అనేకులు బాప్తిస్మము కోరిరి. ఇక్కడ క్లౌ చేసిన పని గమనింపదగినది: కరువు సాగినంతకాలము, ఇంచుమించు పదునైదు మాసములు, ఆయన ఎవరికిని బాప్తిస్మ మియ్యలేదు. లెక్కలు చూపి స్వదేశమునకు వ్రాసికొనుటకు అంతకంటె అనుకూలమైన సమయము ఏ మిషనరీకిని దొరకియుండదు. ఆయన దానిని విడిచిపెట్టెను.

కరువు సడలి, పంచిపెట్టుటకు ఇక ఏమియు లేదని తెలియజేసిన తరువాతను జనులు వచ్చిరి. సహాయము కొరకు రాలేదని చెప్పుచు, పని చేసి బొబ్బలెక్కిన తమ అరచేతులు చూపిరి. పంట మరల పోయి చచ్చినను క్రైస్తవులుగా చత్తుమనిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ముందు వెనుక దినములు కలుపుకొని మూడు దినములలో 3,536 మంది. ఆ జూలై 3న నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు ఇద్దరు చొప్పున వంతులు వేసికొని. క్లౌ స్వయముగా ఇయ్యలేదు.

ఈ వృత్తాంతమును సామాన్యముగా సంఖ్య కొరకే చెప్పుకొందురు. సంఖ్యకంటె ఆ పదునైదు మాసముల ఊరకుండుటయే గొప్పది. వారిని నిలిపియుంచుట మాత్రము షరతు కాదా అని ఎవరైన అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. అయితే క్లౌ వారికి అన్నము ఆపలేదు, పని ఆపలేదు, సువార్త ఆపలేదు. కూలిని కూలిగా చెల్లించెను, పనివాడు దానికి పాత్రుడు గనుక. బాప్తిస్మము ఆ కూలిలో భాగమని, లేక ఆ కూలికి వెల అని ఎవరును అనుకొనకుండునట్లు రెండింటిమధ్య కాలమును గోడగా నిలిపెను. అన్నము కొరకు మతము మారిరను నింద ఆ జనముపై తరువాతను పడుచునే వచ్చినది. నింద వేసినవారు ఆ బొబ్బలను లెక్కలోనికి తీసికొనలేదు.

హేతువు లేని ప్రేమ చవుకైన ప్రేమ అగునా? హోషేయ గ్రంథము మూడవ అధ్యాయములో దీనికి ఉత్తరమున్నది. తప్పిపోయిన భార్యను ప్రవక్త మరల ప్రేమింపవలెను. అది దేవుని ఆజ్ఞ. ఆమె మారుమనస్సు పొందెనని అక్కడ ఒక్క మాట లేదు. అయితే ఆమెను తెచ్చుకొనుటకు అతడు పదునైదు తులముల వెండియు యవలును చెల్లింపవలసివచ్చెను. పుచ్చుకొనువానికి ఉచితమైనది ఇచ్చువానికి ఉచితము కాదు. రోమా 5వ అధ్యాయములో పౌలు ఈ వెలను చెప్పుచు, మనలను వరుసగా బలహీనులనియు, పాపులనియు, శత్రువులనియు పిలుచును. ప్రతి మాటకును పరిస్థితి దిగజారును. క్రీస్తు మరణము ఆ స్థితులు తీరిన పిమ్మట జరుగలేదు, మనము ఇంకను వాటిలో ఉండగానే జరిగెను. బాగుపడిన పిమ్మట రమ్మను ప్రేమ ఐతే ఆ ‘ఇంకను’ అను మాట అక్కడ ఉండవలసిన పని లేదు.

అట్లయితే పాపమందు నిలిచియుందమా అను ప్రశ్నను పౌలే ఆరవ అధ్యాయపు ఆరంభమున వేసికొనెను. ఆ ప్రశ్న పుట్టనంత జాగ్రత్తగా సువార్తను బోధించుచున్నచో, బహుశః పౌలు బోధించిన సువార్తను బోధించుట లేదని అర్థము. అతని ఉత్తరము కొలబద్దను మరల తెచ్చునది కాదు. చనిపోయినవాడు దానియందు ఎట్లు జీవించునని అడుగును. కుమారుడు పొలమునకు పోవును, కూలివాడును పొలమునకు పోవును. సాయంకాలము కూలివాడు లెక్క చూచుకొనును, కుమారుడు ఇంటిలోనికి పోవును.

ఇక ద్రాక్షతోట ఉపమానము. ప్రొద్దున కుదిరినవారు దినమునకు ఒక దేనారమునకు ఒప్పుకొనిరి. తొమ్మిదింటికి, పండ్రెండింటికి, మూడింటికి మరికొందరు. అయిదు గంటలకు సంతవీథిలో ఇంకను నిలిచియున్నవారు సోమరులు కారు; తమ్మును ఎవరును కూలికి పెట్టుకొనలేదని వారే చెప్పిరి. పని కొరకు నిలిచి నిలిచి వట్టిచేతులతో ఇంటికి పోయినవానికి ఆ మాట బరువు తెలియును. ఒక దేనారమనగా ఒక కుటుంబపు ఒకదినపు గ్రాసము. గంటకు తగినట్లు లెక్కగట్టి ఇచ్చినచో ఆ రాత్రి వారి పిల్లలు పస్తుండవలసినదే. యజమానుడు పనిని కొలువక, ఆకలిని చూచెను. ముందు వచ్చినవారికి అన్యాయమేమియు చేయలేదు. ఒప్పుకొనినది ఒక నాణెమైనను తగ్గింపలేదు.

అయినను వారు సణిగిరి. చదువరులు సామాన్యముగా వారిని నిందించి దాటిపోవుదురు. ఎండలో పండ్రెండు గంటలు పనిచేసినవాని పక్షమున ఒక్క నిమిషము నిలువని మనుష్యుడు ఈ ఉపమానమును సరిగా విననేలేదు. సూరతు షెడ్డులో దినమెల్ల సాంచాలమధ్య నిలిచినవాని ప్రక్కన, చివరి గంట పనిచేసినవానికి సమానముగా జీతమిచ్చినయెడల ఆ షెడ్డు మరునాడు నడువదు. ప్రభువునకు ఇది తెలియక చెప్పలేదు. పరలోకరాజ్యము ఇట్లున్నదని చెప్పెనే గాని, షెడ్డు ఇట్లు నడుపవలెనని చెప్పలేదు. ఉపమానము నొప్పించునది పని తక్కువ చేసినవారిని కాదు, ఎక్కువ చేసినవారిని. కానుక పళ్లెమునకు సిగ్గుపడి ఇంట ఉండిపోయిన కుటుంబము దీనిని విని బ్రదుకును. ముందు వరుసలో కూర్చుండి ఆ కుటుంబము రాలేదని లెక్కించువాడు దీనిని విని కలత చెందును.

యజమానుడు వారిలో ఒకనిని స్నేహితుడా అని పిలిచి, తాను మంచివాడైనందున నీకు కడుపుమంటయా అను భావముతో ఒక ప్రశ్న వేసెను. ఉత్తరము వ్రాయబడలేదు. లూకా 15వ అధ్యాయములో పెద్ద కుమారుడు విందు జరుగు ఇంటి వెలుపలనే నిలువగా, తండ్రి బయటికి వచ్చి బతిమాలుకొనును. అతడు లోపలికి వెళ్లెనో లేదో అక్కడను వ్రాయబడలేదు.