మందు ఇచ్చే చేతికి కావలసిన చదువు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో ఇంటర్ ముగించి ఆరోగ్యరంగంలో స్థిరపడదలచిన విద్యార్థులు ఏ కోర్సులో సీటు దొరుకుతుంది, జీతం ఎంత వస్తుంది అని విచారిస్తారే గాని, వార్డులో రోగికి మందు ఇవ్వడమనే పని ఎంత శిక్షణను కోరుతుందో అడిగేవారు తక్కువ. వైద్యుడు రాసిన మందు ఫార్మసిస్టు చేతి మీదుగా నర్సును చేరి, అక్కడి నుంచి రోగి శరీరంలోకి వెళుతుంది కనుక, అంతకుముందు జరిగిన పొరపాటును పట్టుకోగల చివరి వ్యక్తి నర్సే. మందుల వల్ల కలిగే తీవ్రమైన, నివారించదగిన హానిని ఐదేళ్లలో సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పిలుపునిచ్చిందంటే, ఈ పని బరువు అర్థమవుతుంది.

సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన సమయం, నోటి ద్వారానా, కండరంలోకా, నరంలోకా అన్న సరైన మార్గం, చివరగా కేస్ షీటులో సరైన నమోదు అనే సూత్రాలను నర్సింగ్ విద్యార్థులందరూ కంఠస్థం చేస్తారు. కష్టమంతా వాటిని రద్దీ వార్డులో, రాత్రి డ్యూటీలో పాటించడంలోనే ఉంది. ఇన్సులిన్ ఇందుకు మంచి ఉదాహరణ. మన దేశంలో అది మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు అనే రెండు బలాల్లో దొరుకుతుంది. మొదటిదానికి ఎర్ర మూత సిరంజిని, రెండవదానికి నారింజ రంగు మూత సిరంజిని వాడాలి. 100 యూనిట్ల బలం గల మందును ఎర్ర మూత సిరంజిలో 20వ గీత వరకు తీస్తే రోగికి 20 యూనిట్లకు బదులు 50 యూనిట్లు చేరి, రక్తంలో చక్కెర ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. మూత రంగు చూడడానికి పట్టేది రెండు క్షణాలే. అలాగే, కీళ్లవాతానికి వారానికి ఒకసారి మాత్రమే వేయవలసిన మెథోట్రెక్సేట్ మాత్రను రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మందు వేయకముందే చార్టులో సంతకం చేసే అలవాటు, ఎంత పని ఒత్తిడి ఉన్నా, క్షమించదగినది కాదు.

ఈ బాధ్యతకు దారితీసే చదువుల్లో జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు ఉంటాయి. చదువు పూర్తయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. మందులను పరిశీలించి అందించే ఫార్మసిస్టు కావడానికి కనీసం రెండేళ్ల డీఫార్మసీ, ఆపై 500 గంటల ఆచరణాత్మక శిక్షణ అవసరం. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం నమోదైన ఫార్మసిస్టే వైద్యుని చీటీపై మందులు ఇవ్వాలి. కొద్ది నెలల సహాయకుల కోర్సు రోగిని కూర్చోబెట్టడం, శుభ్రం చేయడం వంటి సేవలకు పనికివస్తుందే గాని, ఇంజెక్షన్ చేసే అర్హతను ఇవ్వదు. మందు వల్ల కలిగిన దుష్ప్రభావాన్ని గుర్తించి, 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి, అంటే మందుల దుష్ప్రభావాలను నమోదు చేసి విశ్లేషించే వ్యవస్థకు, నివేదించడం కూడా వృత్తిలో భాగమే.

ఉద్యోగాల విషయానికి వస్తే, తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. విదేశాలకు వెళ్లదలచిన నర్సులకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ తోడ్పడుతోంది. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడిన తరువాత, జిల్లా కేంద్రంలోనే పెద్దాసుపత్రి పనితీరును దగ్గరగా గమనించే వీలు ఈ ప్రాంత విద్యార్థులకు కలిగింది. కనుక సీటు తీసుకునేవారు, వారి తల్లిదండ్రులు, ఆ కళాశాలకు గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ జాబితాలో చూసుకుని, అక్కడి విద్యార్థులు ఏ ఆసుపత్రి వార్డుల్లో, ఎవరి పర్యవేక్షణలో మందులు ఇవ్వడం నేర్చుకుంటున్నారో స్వయంగా వెళ్లి విచారించి, ఆ తరువాతే ఫీజు కట్టాలి.