టీకా వచ్చేదాకా ఏం చెప్పాలి?

"ఏం కాదులే, నాలుగు రోజుల్లో అంతా సర్దుకుంటుంది." మన ఇళ్లల్లో ధైర్యం చెప్పాలంటే ముందుగా నోటికొచ్చే మాట ఇదే. మామూలు కష్టానికి సరిపోతుంది కూడా. 2020లో మాత్రం ఆ నాలుగు రోజులు పది నెలలయ్యాయి. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైతే, దేశంలో టీకాలు వేయడం మొదలైంది 2021 జనవరి 16న. ఈ మధ్యకాలమంతా కనిపించని టీకా కోసం ఎదురుచూస్తున్న మనుషులకు ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు? అప్పట్లో గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రంలో బ్రాంచి మేనేజరుగా ఉన్నాను. అక్కడ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఎం.బి.ఏ.లో స్టాక్‌డేల్ అనే అమెరికా నౌకాదళ అధికారి గురించి ఒక పాఠం ఉండేది. 1965లో ఆయన విమానం కూలి, వియత్నాంలో ఏడేళ్లకు పైగా ఖైదీగా ఉన్నారు. తోటి ఖైదీల్లో కుంగిపోయినవాళ్లు ఎవరని అడిగితే, క్రిస్మస్‌కి వెళ్లిపోతాం, ఈస్టర్‌కి వెళ్లిపోతాం అని తేదీలు పెట్టుకున్నవాళ్లేనని చెప్పారట. చివరికి బయటపడతామన్న నమ్మకం వదలకూడదు, ఇవాళ్టి పరిస్థితిని ఉన్నదున్నట్టు చూడడమూ మానకూడదు అన్నది ఆయన మాటల సారం. పరీక్షకు చదివినప్పుడు అది నాలుగు మార్కుల ప్రశ్న. దాని అర్థం తెలిసింది మాత్రం బ్రాంచి ముందు క్యూలో.

ఆ ఏప్రిల్‌లో జన్‌ధన్ ఖాతాలున్న మహిళలకు నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు కేంద్రం జమ చేసింది. గుంపు కాకుండా ఖాతా చివరి అంకెను బట్టి రోజులు కేటాయించారు. 0, 1 అంకెలవాళ్లకు ఏప్రిల్ 3, తర్వాతి రెండు అంకెలకు 4, అలా 9వ తేదీ దాకా. మా అటెండరు తెల్లవారుజామునే వచ్చి సున్నంతో గుండ్రాలు గీసేవాడు. అయినా మొదటి రోజే అన్ని అంకెలవాళ్లూ వచ్చేశారు. వెంటనే తీసుకోకపోతే ప్రభుత్వం డబ్బు వెనక్కి లాక్కుంటుందన్న పుకారు ఊరంతా పాకింది మరి.

"భయపడకండి" అంటే ఎవరూ కదల్లేదు. బ్యాంకు మిత్ర ఒక పెద్దావిడ పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించి, "ఇదుగో పెద్దమ్మా, ఇది నీ పేరున పడింది. నువ్వు నెల తర్వాత వచ్చినా ఇక్కడే ఉంటుంది" అని అంకె మీద వేలు పెట్టి చూపించింది. ఆవిడ చదువుకోలేదు, కానీ అచ్చుపడిన గీతను గుర్తుపట్టింది. వెనక్కి తిరిగి మిగతావాళ్లకు ఆవిడే చెప్పింది. ఆ తర్వాతే క్యూ సగమైంది.

మారటోరియం సంగతీ అంతే. మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలల వాయిదాలకు గడువిచ్చింది, తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. "బ్యాంకువాళ్లు అప్పు మాఫీ చేశారటగా" అంటూ నవ్వుమొహంతో వచ్చేవారు. ఆ నవ్వును ఉండనిస్తే మాకూ సుఖమే. కానీ వాయిదా ఆగుతుంది గాని వడ్డీ ఆగదని, కట్టగలిగినవాళ్లు కట్టుకుంటేనే మేలని ప్రతి ఒక్కరికీ కూర్చోబెట్టి చెప్పాం. కొందరు విసుక్కున్నారు. టీకా మాట వచ్చినప్పుడు మమ్మల్ని నమ్మింది ఎక్కువగా ఆ విసుక్కున్నవాళ్లే!

జులైలో ఐసీఎంఆర్ లేఖ ఒకటి పత్రికల్లోకి వచ్చింది. ఆగస్టు 15కల్లా హైదరాబాదులో తయారవుతున్న కోవాగ్జిన్‌ను తేవాలన్నది లక్ష్యం. ఇక చూడండి, టీ బంకు నుంచి డ్వాక్రా సంఘం దాకా అందరి నోటా పంద్రాగస్టే. మాస్కులు కుడుతున్న సంఘం మహిళలు కూడా "ఇంకా కుట్టమంటారా, ఆపమంటారా?" అని అడిగారు. కుట్టమనే చెప్పాను.

అప్పుడే బ్రాంచి బయట ఒక నల్లబోర్డు పెట్టాం. పైన "ఈ రోజు తెలిసినది" అని శీర్షిక. కింద రెండు మూడు వాక్యాలు, అంతే. తేదీలు ఊహించి రాయకూడదన్నది మా నియమం. టీకా పరీక్షలు ఎందుకు ఆలస్యమో జనానికి మన భాషలోనే చెప్పాం. పెద్ద లోను ఒక్క సంతకంతో శాంక్షను కాదు కదా, ఇదీ అంతే అని. కోవాగ్జిన్ మొదటి దశలో 375 మంది మీద, నవంబరులో మొదలైన మూడో దశలో దాదాపు 25,800 మంది మీద పరీక్షించారు. ఆ అంకెలు బోర్డు మీద రాసిన రోజు ఒక రైతు చాలాసేపు చూసి, "అంతమంది వేయించుకున్నాక మనదాకా వస్తుందన్నమాట" అన్నాడు. ఆలస్యమే ఆయనకు ధైర్యమైంది. వ్యాధి సోకి కోలుకుని తిరిగొచ్చిన కస్టమర్ల సంఖ్య కూడా, పేర్లు లేకుండా, రాసేవాళ్లం.

ఇళ్లల్లో మీరు పడినది వేరే చెప్పాలా? సాయంత్రం గుమ్మంలో వేణ్ణీళ్ల బకెట్టు, దూరం నుంచే చూసే పిల్లలు. "నాన్నా, టీకా ఎప్పుడు?" అని మా అమ్మాయి అడిగితే "తెలియదు, కానీ రేపు ఆదివారం కాబట్టి నేను ఇంట్లోనే ఉంటాను" అనేవాణ్ణి. దానికి ఆ రెండో ముక్క చాలేది.

2021 వేసవిలో రెండో అల మా పక్క బ్రాంచి సహోద్యోగిని తీసుకుపోయింది. నలభై నిండలేదు. 45 దాటినవాళ్లకు ఏప్రిల్ 1న మొదలైన వరుసలో ఆయన లేడు. ఆ ఇంటివాళ్లు ఈ పత్రిక చదువుతారు, అందుకే ఎక్కువ రాయను. ఓదార్పు మాటలు ఎవరికీ దొరకలేదు. బీమా క్లెయిము, పీఎఫ్, కుటుంబ పెన్షను కాగితాలన్నీ మేమే నింపి, సంతకాలకు మాత్రం వాళ్లింటికి వెళ్లాం. మీ ఇంట్లో ప్రతి ఖాతాకూ నామినీ పేరుందో లేదో ఇవాళే చూసుకోమని ఈ సందర్భంగా అడుగుతున్నాను.

టీకా ఊళ్లోకి వచ్చాక కొత్త భయాలు పుట్టాయి. పెద్దవాళ్లు "మేనేజరు గారూ, మీరు వేయించుకున్నారా?" అని అడిగేవారు. నా వయసుకు ఇంకా రాలేదని నిజమే చెప్పాను. జూన్ 21 నుంచి 18 దాటిన అందరికీ కేంద్రమే ఉచితంగా ఇవ్వడం మొదలయ్యాక నా వంతు వచ్చింది. మర్నాడు కాస్త జ్వరం, చెయ్యి నొప్పి. మూడో రోజు బ్రాంచికి వెళ్లి బోర్డు మీద అదీ రాశాం: "మేనేజరుకు టీకా వేశారు. ఒక రోజు జ్వరం వచ్చింది. ఈ రోజు కౌంటరులో ఉన్నారు."