రంగుల కణాన్ని ఎలా చదవాలి?

జీవకణాల రంగుల బొమ్మలు మీరందరూ చూసే ఉంటారు. నల్లటి నేపథ్యం మీద పచ్చటి దారాలు, ఎర్రటి చుక్కలు, మధ్యలో నీలంగా కేంద్రకం. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న రోజే బయాలజీని వదిలేసిన నాలాంటివాళ్లకి అదొక అందమైన బొమ్మ, అంతే. సెమినార్ కోసం సూపర్ రిజల్యూషన్ మైక్రోస్కోపీ గురించి చదివాక తెలిసింది, దాని వెనక ఉన్నది చాలావరకు మన సిలబస్సే అని. ఆప్టిక్స్, స్టాటిస్టిక్స్, మ్యాట్రిసులు. అందుకే ఈ వ్యాసం.

అసలు ఇబ్బంది ఏంటి?

లెన్స్ ఎంత మంచిదైనా వెలుగు చుక్కని చుక్కగా చూపించలేదు. డిఫ్రాక్షన్ వల్ల అది మచ్చలా పరుచుకుంటుంది. ఈ హద్దుని 1873లో జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ అబ్బే చెప్పారు. కాంతి తరంగదైర్ఘ్యాన్ని లెన్స్ న్యూమరికల్ అపెర్చర్‌కి రెట్టింపుతో భాగించాలి. 550 నానోమీటర్ల పచ్చ కాంతి, 1.4 అపెర్చర్ తీసుకుంటే 550 ÷ 2.8 = 196. అంటే దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు ప్రొటీన్లు ఒకే మచ్చగా కనిపిస్తాయి. ప్రొటీన్ సైజేమో కొన్ని నానోమీటర్లే.

మాది ఆళ్లగడ్డ, చదువు నంద్యాలలో. ఈ రెండూళ్ల మధ్య హైవే మీద రాత్రిపూట ప్రయాణం చేసినవాళ్లకి ఈ సంగతి తెలుసు. చాలా దూరంలో ఉన్న లారీ హెడ్‌లైట్లు రెండూ ఒకే వెలుగులా ఉంటాయి, దగ్గరికొచ్చేకొద్దీ విడిపోతాయి. లారీ దగ్గరికి రాకుండానే వాటిని విడదీయాలంటే? ఎడమ లైటు ఒకసారి, కుడి లైటు ఇంకోసారి వెలిగితే చాలు. ఒక్కోటి వెలిగినప్పుడు మచ్చ నడిమధ్య ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటాం. మచ్చలు ఒకదానిమీద ఒకటి పడినా, వాటి నడిమధ్యలు వేరుగానే ఉంటాయి.

2006లో వచ్చిన పామ్, స్టార్మ్ పద్ధతుల కిటుకు ఇదే. మొదటిది ఎరిక్ బెట్జిగ్ బృందానిది, రెండోది షియావే జువాంగ్ బృందానిది. ప్రొటీన్లకి వెలిగి ఆరే ఫ్లోరోసెంట్ అణువులు తగిలిస్తారు. ఒక్కో ఫ్రేములో కొన్ని అణువులే వెలిగేలా లేజర్‌ని సర్దుతారు. ఇలా వేల ఫ్రేములు తీసి, ప్రతి మచ్చకీ నడిమధ్య కనుక్కుని, ఆ చుక్కలన్నీ ఒక్కచోట చేరుస్తారు. చుక్కల ముగ్గులాగా, చుక్కలు చాలినన్ని పడ్డాకే ఆకారం తెలుస్తుంది. స్టెఫాన్ హెల్ స్టెడ్ అనే ఇంకో దారిలో ఇదే హద్దు దాటారు. 2014 రసాయనశాస్త్ర నోబెల్ బెట్జిగ్, హెల్, విలియం మోర్నర్‌లకి వచ్చింది.

నడిమధ్య ఎంత కచ్చితంగా దొరుకుతుంది? మచ్చ వెడల్పుని ఫోటాన్ల సంఖ్య వర్గమూలంతో భాగించండి. ఇక్కడ వెడల్పు అంటే గాసియన్ కర్వ్ స్టాండర్డ్ డీవియేషన్. అది 100 నానోమీటర్లు, వచ్చిన ఫోటాన్లు 400 అయితే 100 ÷ 20 = 5 నానోమీటర్లు. ఫిజిక్స్ ల్యాబులో రీడింగులు ఎక్కువ తీసి సగటు వేస్తాం కదా, అదే సూత్రం. కెమెరా నాయిస్, వెనక వెలుగు వల్ల నిజంలో ఇంతకంటే కాస్త ఎక్కువే వస్తుంది.

రెండో రంగు ఎందుకు?

ఒక్క రంగు ఉంటే ఒక ప్రొటీన్ ఎక్కడుందో తెలుస్తుంది. రెండు రంగులుంటే ఎవరి పక్కన ఎవరున్నారో తెలుస్తుంది. కణం ఎలా పనిచేస్తుందో చెప్పేది ఆ రెండోదే. 2007లో జువాంగ్ బృందం స్టార్మ్‌ని పలు రంగుల్లో చేసి చూపించింది. 2013లో అదే బృందం నాడీకణాల ఆక్సాన్లలో యాక్టిన్ అనే ప్రొటీన్ సుమారు 190 నానోమీటర్లకొకటి చొప్పున ఉంగరాలుగా ఉందని కనుక్కుంది. రెండో రంగులో చూస్తే స్పెక్ట్రిన్ అనే ప్రొటీన్ ఆ ఉంగరాల మధ్యలో ఉంది. ఒకటి విడిచి ఒకటి, నిచ్చెన మెట్లలా. మామూలు మైక్రోస్కోప్‌లో ఇదంతా అలికేసినట్టు ఒకే గీత.

ఇక్కడే జాగ్రత్త

ఈ పనికి వాడే కెమెరాకి సాధారణంగా రంగులు తెలియవు. ఫిల్టర్ దాటి వచ్చిన వెలుగుని లెక్కపెడుతుంది, అంతే. ఎరుపు, పచ్చ అని రంగులద్దేది తర్వాత మనమే. పైగా లెన్స్ ఒక్కో తరంగదైర్ఘ్యాన్ని కొద్దిగా తేడాగా వంచుతుంది. క్రొమాటిక్ అబెరేషన్ అని చదువుకున్నది ఇదే. దాంతో రెండు రంగుల బొమ్మలు పదుల నానోమీటర్లు పక్కకి జరగొచ్చు. సినిమా పోస్టరు అచ్చులో ఎరుపు పక్కకి జరిగితే హీరోయిన్ పెదవులు బుగ్గ మీదికి పోతాయే, అలాగ.

పోస్టరైతే చూసి నవ్వుకుంటాం. కణం బొమ్మలో తప్పు కనపడదు, ఎందుకంటే అసలు ఎలా ఉండాలో మనకి తెలీదు. పై ఉదాహరణలో యాక్టిన్‌కీ స్పెక్ట్రిన్‌కీ మధ్య దూరం 190లో సగం, 95 నానోమీటర్లు. ఆక్సాన్ వెంట ఒక రంగు సరిగ్గా అంతే జరిగిందనుకోండి. రెండు ప్రొటీన్లూ ఒకేచోట ఉన్నాయని రాసేస్తాం. బొమ్మ మాత్రం అంతే షార్ప్‌గా ఉంటుంది!

దీనికి మందు లీనియర్ ఆల్జీబ్రాలో ఉంది. అన్ని రంగుల్లోనూ వెలిగే చిన్న పూసల్ని రెండు ఛానెళ్లలో ఫోటో తీస్తారు. ఒకే పూస రెండుచోట్ల కనిపిస్తే ఆ తేడాయే జరుగుడు. లీస్ట్ స్క్వేర్స్‌తో ఒక అఫైన్ మ్యాట్రిక్స్ కనుక్కుని, ఒక ఛానెల్ చుక్కలన్నిటికీ దాన్ని వర్తింపజేస్తారు. ఇంకో దారి 2014లో వచ్చిన ఎక్స్ఛేంజ్ పెయింట్. ఒక్కో ప్రొటీన్‌కి ఒక్కో డీఎన్‌ఏ ముక్క తగిలించి, దానికి జత కలిసే ముక్కని ఒకే డైతో పంపి, ఫోటో తీసి, కడిగేసి, తర్వాతి ముక్కని పంపుతారు. తరంగదైర్ఘ్యం మారదు కాబట్టి ఆ జరుగుడు ఉండదు. కానీ కడిగేటప్పుడు స్లైడ్ కదిలితే దాన్ని సరిచేయాలి.

ఇలాంటి మైక్రోస్కోప్ చూడాలంటే బెంగళూరు లాంటి ఊర్లలోని పరిశోధన సంస్థలకి పోవాల. లెక్కలకి మాత్రం నంద్యాల హాస్టల్లో ల్యాప్‌టాప్ చాలు. ఇమేజ్‌జే, అందులో నడిచే థండర్‌స్టార్మ్ రెండూ ఉచితం. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్ సంస్థ సాధన కోసం డేటాని, జవాబులతో సహా, అందరికీ అందుబాటులో పెట్టింది.

చివరగా ఒక లెక్క. మచ్చ వెడల్పు 120 నానోమీటర్లు, ఫోటాన్లు 900. రంగులు సరిచేశాక కూడా పూసల మధ్య మిగిలిన తేడా 30 నానోమీటర్లు. ఎర్ర చుక్కకీ పచ్చ చుక్కకీ మధ్య దూరం 20 వచ్చింది. ఆ రెండు ప్రొటీన్లు కలిసే ఉన్నాయా, విడిగా ఉన్నాయా?

ఒక్కో చుక్క కచ్చితత్వం 120 ÷ 30 = 4 నానోమీటర్లు, చాలా బాగుంది. అయినా ఈ డేటాతో జవాబు చెప్పలేం. 30 తేడా ఉన్న స్కేలుతో 20ని కొలవలేం కదా. ఈసారి రంగుల కణం బొమ్మ కనిపిస్తే, ఎంత షార్ప్‌గా ఉందని కాదు, రంగుల మధ్య తేడా ఎంత మిగిలిందని ముందు అడగండి.